నార్బ్ చేప

మా ఆయన వెర్లిన్ ఇన్నేళ్ళలో వేసిన రంగులన్నిటిలోకీ గొప్పదేదని అడిగితే నేను ఠక్కున చెప్పగలను. ఆయన చేతులు చేసిన పాడుపని ఏదని అడిగినా అదే చెప్పాలి. రెండూ ఒకే చెక్కముక్క మీద, ఒకే శనివారం నాడు జరిగాయి.

వెర్లిన్‌కు ఒక జబ్బుంది. పాతబడింది ఏది కనిపించినా ఊరుకోలేడు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆవిడ వంటింటి కుర్చీలన్నిటికీ పచ్చరంగు కొట్టేశాడు. ఆవిడ ఇంటికొచ్చి, కుర్చీల వంక చూసి, నిలబడే కాఫీ తాగింది. పక్కింటివాళ్ళ ఉత్తరాల డబ్బాకు వాళ్ళనడక్కుండా రంగు వేసి, వాళ్ళు మాటమాత్రం మెచ్చుకోలేదని వారంపాటు నొచ్చుకున్నాడు. మనసు వెన్నే. ఆ వెన్న ఎక్కడపడితే అక్కడ పూస్తాడు, అదీ నా బాధ.

ఆయన పని చెక్క ఎరలు చేయడం. దేవదారు చెక్కను చేపలా చెక్కి, పొట్టలో సీసం పోసి, మూతి కింద రేకు బిగించి, రంగులు వేసి, కొక్కేలు తగిలిస్తాడు. నీళ్ళలో లాగితే అది బతికున్న చేపలా ఒళ్ళు తిప్పుకుంటూ ఈదుతుంది. దాన్ని చూసి మస్కీ వచ్చి నోట కరవాలి. మస్కీ అంటే మా విస్కాన్సిన్ సరస్సుల్లో మాటు వేసుకుని ఉండే పళ్ళ చేప. ఒక్కదాని కోసం వేసవులకు వేసవులు పడవలో గడిపే మగవాళ్ళు మా వైపు ఇంటికొకరున్నారు. చలికాలం చివర్లో, సరస్సులు ఇంకా గడ్డకట్టి ఉండగానే, వాళ్ళ చేతుల దురద తీర్చడానికి ఊరూరా వేట ప్రదర్శనలు పెడతారు. పడవలు, తుపాకులు, గాలం కర్రలు, వేయించిన జున్ను ముక్కలు. మేమిద్దరం ఒక బల్లా, ఒక గాజుతొట్టీ వేసుకుని ఆ ప్రదర్శనలన్నీ తిరుగుతాం. ఏ ఎరైనా కొనేవాడి కళ్ళముందే తొట్టి నీళ్ళలో ఈదించి చూపించడం వెర్లిన్ పద్ధతి. బల్ల మీద పళ్ళతో సహా ఒక పెద్ద మస్కీ దవడ కూడా ఉంటుంది. పిల్లలు దాంట్లో వేలు పెట్టి కెవ్వుమంటారు, ఆ కేకకు వాళ్ళ నాన్నలు ఆగుతారు.

ఆ యేడు ప్రదర్శన ఐస్ హాకీ ఆడే హాల్లో. మా పక్క స్టాలు డ్వెయిన్‌ది. జింక మాంసం సాసేజీలు అమ్ముతాడు. సరుకు కంటే నోరెక్కువ.

“రండి బాబూ రండి! ఊరికే తిని చూడండి! నార్బ్ చేపంత పొడుగు సాసేజీ!”

నార్బ్ చేప అనే మాట మా జిల్లాలో అందరి నోళ్ళలోనూ నానుతుంది. మంచు ఎంత పడిందంటే నార్బ్ చేపంత. వాడి కొత్త ఇల్లు ఎంతుందంటే నార్బ్ చేపంత. ఎవడైనా గొప్పలు పోతుంటే, వాడి ఎదుట రెండు చేతులూ బారచాపి ఆ రెండు మాటలూ అంటే చాలు, నోరు మూసుకుంటాడు. నార్బ్ అనే మనిషి ఒకడున్నాడనీ, పక్క ఊళ్ళోనే కాఫీ తాగుతూ కూర్చుని ఉంటాడనీ నేనెన్నడూ అనుకోలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా బల్ల దగ్గరికి వచ్చిన మావిస్ ఆ నార్బ్‌కు చెల్లెలు. మాకా సంగతి ఆదివారం గానీ తెలియలేదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మా ఆయన చేసిన పని ఎలాంటిదో మీకు తెలిసిరాదు.

నార్బ్ పడుచువాడుగా ఉన్నప్పుడు, ఆకులు రాలే కాలంలో, ఒంటరిగా టామరాక్ సరస్సు మీదికి వెళ్ళాడు. పొద్దువాలుతుండగా పడవ పక్కనే ఒక మస్కీ లేచి ఆయన ఎరను పట్టింది. ఆయన వంక ఒకసారి చూసింది, తల విదిలించింది, ఎరను తిరిగి పడవలోకే ఉమ్మేసి పోయింది. తిన్నగా బార్‌కు వచ్చి చెప్పాడు. అక్కడ గ్లాసులు నింపేది మావిసే. ‘ఎంత పెద్దది నార్బ్?’ అని ఎవరో అడిగారు. ఆయన చేతులు చాపాడు. ‘ఇంకాస్త చాపితే తలుపు తీయాల్సొస్తుంది అన్నయ్యా, బయట చలిగా ఉంది’ అంది మావిస్. బార్ అంతా ఘొల్లుమంది. మర్నాడు ఎవరో తాగాల్సినదానికంటే ఎక్కువ తాగితే, అది నార్బ్ చేపంత అన్నదీ ఆవిడే. ఆ మాట ఆవిడ నోటి నుంచి బార్‌కు, బార్ నుంచి ఊరికి, ఊరి నుంచి జిల్లాకు పాకింది.

ఎర మీద పళ్ళ గాట్లున్నాయి. ఇటొకటి అటొకటి లోతైన గుంటలు, పొట్ట పొడవునా చీరుకుపోయిన గీతలు. నార్బ్ కొన్నాళ్ళు అందరికీ చూపించాడు. ‘కుక్క చేత కొరికించావా, నువ్వే కొరికావా?’ అన్నారు. ఆయన చూపించడం మానేశాడు. తర్వాత షుగరు వచ్చి రెండు కళ్ళూ పోయాయి, చెల్లెలి ఇంటికి చేరాడు. కొక్కేలు తీసేసిన ఆ ఎర పగలంతా ఆయన చేతిలోనే ఉండేది. బొటనవేలు ఒక గుంటలో, చూపుడువేలు రెండో గుంటలో. అదొక్కటే ఆయన అబద్ధాలకోరు కాడని చెప్పే సాక్ష్యం, దాన్నడిగేవాళ్ళు మాత్రం లేరు.

ఆ వారంలోనే ఒక రోజు అది కిందపడి మూతి కింది రేకు వంగింది. ముసలాయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. అందుకని మావిస్ దాన్ని చేతిసంచిలో వేసుకుని, చేసినవాడి దగ్గరికే తెచ్చింది.

వెర్లిన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ముఖం మాడిపోయింది.

“ఇది నేను చేసిందే.”

“అవునండి. పొట్ట మీద మీ పేరుంది,” అంది మావిస్.

“అది చెరిగిపోయినా బావుండేది.”

ఎరలు చేసే వాళ్ళందరికీ ఇదొక తెగులు. తొలిరోజుల్లో చేసినవి కనిపిస్తే సిగ్గుతో చచ్చిపోతారు. వెర్లిన్ అయితే దొరికినవి దొరికినట్టు కొత్తవాటికి మార్చుకుని తెచ్చి మా పొయ్యిలో పెడతాడు. చలికాలాల్లో మా ఇల్లు వెచ్చగానే ఉంటుంది.

దాన్ని తొట్టిలో వేసి లాగాడు. పక్కకు ఒరిగి, వెల్లకిలా తిరిగిపోయింది.

“అచ్చం మా బావమరిది నడకే!” అన్నాడు పక్కనుంచి డ్వెయిన్.

“రేకు వంగింది, అంతేనండి. అది తిన్నగా చేసిస్తే చాలు,” అంది మావిస్. “మా అన్నయ్యది.”

“రేకొక్కటే అయితే ఎంతసేపమ్మా! దీని వాలకం చూడండి. పొట్టంతా పగుళ్ళు, రంగంతా పెచ్చులు. చేపనుకుని చెక్కానో, చెప్పనుకుని చెక్కానో.”

“ఆయన దాన్ని ఈదించడులెండి. ఊరికే చేతిలో పెట్టుకుంటాడు.”

“మనిషి చేతిలో పెట్టుకునేది ఇలాగా ఉండేది?”

మావిస్ చూపు మా బల్ల మీది దవడ మీద ఆగిపోయింది. దాని ముందు పళ్ళు రెంటి మీదా బొటనవేలూ చూపుడువేలూ ఆనించింది. ఆ వేళ్ళ ఎడం అలాగే ఉంచి, తీసుకొచ్చి వెర్లిన్ చేతిలోని ఎర మీద పెట్టింది. గాట్లకు అందాలంటే వేళ్ళు ఇంకా ఎడంగా జరపాల్సి వచ్చింది. నేను చూశాను గానీ, ఎరలు ఎంచుకుంటున్న ఇంకొకాయనతో మాట్లాడుతూ పట్టించుకోలేదు.

“ఈ దవడ చేప ఎంతుండేది?” అంది, గొంతు సన్నగా.

“మా వైపు పట్టినవాటిలో ఇదే పెద్దది,” అన్నాడు వెర్లిన్.

“ఇంతకంటే పెద్దవి ఉంటాయా?”

“ఉంటాయనేవాళ్ళున్నారు. చూసినవాళ్ళే లేరు.”

ఆవిడ వేళ్ళు తీసి చేతిసంచి మూసుకుంది. “ఎల్లుండి అన్నయ్యను తీసుకొస్తాను,” అంది. “అప్పటిదాకా మీ దగ్గరే ఉంచండి. ఈ దవడ కూడా ఇక్కడే ఉంటుందిగా?”

“అదెక్కడికి పోతుందమ్మా, కాళ్ళుంటేగా,” అన్నాను నేను.

ఆ గాట్ల మాట ఆవిడ అప్పుడే ఎత్తి ఉంటే ఇదంతా ఉండేది కాదు. కానీ ఆవిడ ఉద్దేశం వేరు. ఆ మాట ముందుగా వినాల్సినవాడు నార్బ్. దవడ పక్కన ఎరను పెట్టి, అందరూ వింటుండగా, ‘నీదే నిజం అన్నయ్యా, నోరు జారింది నాదే’ అని చెప్పాలనుకుంది. ఇన్నేళ్ళుగా ఆ మనిషికి బాకీ ఉన్న మాట అది.

శనివారం ప్రదర్శనలో కాలు పెట్టే సందుండదు. ఆ రోజే నా మొగుడు నన్నొక్కదాన్నే బల్ల దగ్గర వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. ‘చిన్న పనుంది ఆర్డిస్’ అని ఫోనులో చెప్పాడు. ఎరలు ఈదించి చూపించేది నేనే, సంచిలో వేసిచ్చేది నేనే, డ్వెయిన్ జోకులు వినేదీ నేనే. సాయంత్రానికి నా చేతులు తొట్టి నీళ్ళకు నాని ముడతలు పడ్డాయి, నోటికి మాత్రం మంచి మాట ఒక్కటీ రాలేదు.

ఆదివారం పొద్దున గుడ్డలో చుట్టుకొచ్చి నా ముందు విప్పాడు. నా కోపం గొంతులోనే ఆగిపోయింది. పసుపుపచ్చని ఒళ్ళు, దాని మీద ఆకుపచ్చ చారలు, మొప్పల దగ్గర లోపల్నించి వచ్చినట్టున్న ఎరుపు. పొలుసు పొలుసూ విడిగా తెలుస్తోంది. పైన గాజులాంటి పూత, కారకుండా రాత్రంతా చక్రం మీద తిప్పి ఆరబెట్టినది. ఇన్నేళ్ళూ చూస్తున్నాను, ఈ మనిషి చేతిలో ఇంతుందని నాకే తెలియదు.

“పాత రంగంతా గీకేశా. గుంటలన్నీ లప్పం పెట్టి నున్నగా చేశా. తడిమినా తెలీదు,” అన్నాడు. పరీక్షలో మొదటొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

“తెలీదు,” అన్నాను తడిమి. “చాలా బావుంది వెర్లిన్.”

మావిస్ మధ్యాహ్నానికి వచ్చింది. ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఒక పొడుగాటి మనిషి, చెవుల మీదికి లాగిన ఎర్ర టోపీ, ఎటూ చూడని కళ్ళు. మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది ఆయన గుడ్డివాడని. డ్వెయిన్ అప్పుడే జున్ను ముక్కలు తెస్తానని అవతలి వరసకు వెళ్ళాడు.

“ఈయనే మా అన్నయ్య నార్బ్,” అంది మావిస్. ముఖం వెలిగిపోతోంది. “టామరాక్ నార్బ్.”

నేనూ వెర్లిన్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ నార్బేనా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

వెర్లిన్ గుడ్డ విప్పి ఎరను ఆయన చేతిలో పెట్టాడు. నార్బ్ అరచేతిలో ఒకసారి ఎగరేసి బరువు చూసి, చిన్నగా నవ్వాడు. బొటనవేలు తన చోటికి తాను వెళ్ళింది. జారింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ జారింది. ఎరను తిప్పి రెండోవైపు వెతికాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“ఇది నాది కాదు,” అన్నాడు.

“మీదేనండి,” అన్నాడు వెర్లిన్ ఉత్సాహంగా. “గుర్తుపట్టలేరని నాకు తెలుసు! కొత్తదాని కంటే బాగా చేశా.”

మావిస్ అప్పుడు దాని వంక చూసింది. ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను.

“గాట్లేవి?” అంది.

“ఏ గాట్లు?”

“పళ్ళ గాట్లు! ఆ చేప పళ్ళ గాట్లు!”

ఆవిడ అక్కడే, నిలువుకాళ్ళ మీద, చెప్పాల్సిందంతా చెప్పింది. చేప సంగతి, బార్ సంగతి, తన నోటి సంగతి. మొన్న మా దవడ మీద వేళ్ళు పెట్టి కొలిచిన సంగతి. నార్బ్ తలొంచుకుని, ఎవరిదో కథ విన్నట్టు విన్నాడు. వెర్లిన్ చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తుండే ఆ చేతులకు అప్పుడు చేయడానికేమీ లేదు. నాకు ఆయన్ని తిట్టాలనీ అనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

“లప్పం,” అన్నాడు ఉన్నట్టుండి. “లప్పం లోపలే ఉంది. గుంట ఎక్కడుందో లప్పం అక్కడే ఉంటుంది.”

జేబులోంచి చాకు తీశాడు. నార్బ్ చేతిలోంచి ఎరను తీసుకుని, తన జీవితంలోకెల్లా గొప్ప రంగును అంగుళం అంగుళం గీకేశాడు. గాజుపూత పెళ్ళలుగా లేచింది. పొలుసులు, చారలు, మొప్పల ఎరుపు, అన్నీ పొడై బల్ల మీద రాలాయి. గరుకు కాగితంతో రుద్దాడు. ఎర్రటి దేవదారు బయటపడింది, దాని మీద తెల్లటి చుక్కలు. ఇటొక పెద్ద చుక్క, అటొక పెద్ద చుక్క, నడుమ సన్నగీతలు. దవడ తెచ్చి పక్కన పెట్టాడు. దాని పళ్ళు రెండూ ఆ చుక్కలు రెంటికీ లోపలే, చాలా లోపలే ఆగిపోయాయి.

“అమ్మో,” అన్నాడు వెర్లిన్. “ఎంత చేపండీ ఇది.”

“చూశావా అన్నయ్యా!” మావిస్ ఆయన చెయ్యి పట్టి ఎర మీద పెట్టింది. “ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ! వీళ్ళ దవడ దీని ముందు పిల్లది! నువ్వు చెప్పింది నిజం!”

నార్బ్ వేలు ఆ చుక్కల మీద నడిచింది. లప్పం చెక్కతో సమానంగా, నున్నగా ఉంది. మా ఆయన పని ఎప్పుడూ అంత శుభ్రంగానే ఉంటుంది.

“నాకేమీ తగలట్లేదు మావిస్.”

“ఉన్నాయి అన్నయ్యా, తెల్లగా కనిపిస్తున్నాయి!”

“కావాలంటే సూదితో లప్పం తవ్వేస్తా,” అన్నాడు వెర్లిన్. “ఇప్పుడే, ఇక్కడే.”

“వద్దండి. తవ్వితే అది మీ సూది గుంట అవుతుంది. చేపది కాదు.” నార్బ్ గొంతులో కోపం లేదు, ఉన్నా బావుండేది. “మీరు మంచివాళ్ళు. గుడ్డివాడి మనసు నొప్పించకూడదనుకున్నారు. ఇన్నేళ్ళు నేను నిజం చెప్తే అందరూ నవ్వారు. ఇప్పుడు మీరు చెప్తున్నారు, నేను నవ్వకూడదు కదా.”

“అలా కాదండీ,” అన్నాను నేను. “నా కళ్ళతో చూస్తున్నాను. ఉన్నాయి.”

“మీ ఆయన పక్షాన మీరు మాట్లాడాలి కదమ్మా,” అన్నాడు మర్యాదగా.

మావిస్ ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది.

“అన్నయ్యా, నేను నవ్వడం లేదు. ఒట్టు. అది నిజంగా పెద్దది.”

నార్బ్ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. నుదుటి మీది ముడత కొంచెం సడలింది. నమ్మాలని ఆయనకూ ఉంది, నాకు అది తెలిసిపోయింది.

“ఎంత పెద్దదే?” అన్నాడు.

బార్‌లో అందరూ ఆయన్ని అడిగిన మాటే. మావిస్ నోరు తెరిచింది, ఏడుపు అడ్డుపడి మాట పెగల్లేదు. ఆయనకు చూపు లేదన్న సంగతే మరిచిపోయినట్టు, రెండు చేతులూ ఎత్తి బారచాపింది. చాపగలిగినంత చాపి, ఇంకా చాలనట్టు మునివేళ్ళ మీద లేచింది.

సరిగ్గా అప్పుడే డ్వెయిన్ రెండు చేతుల్లో రెండు పొట్లాలతో జనంలోంచి వచ్చాడు.

“ఓహోహో!” అని అరిచాడు ఆవిణ్ణి చూసి. “నార్బ్ చేపే!”

దారిన పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను డ్వెయిన్ నోరు మూయించేలోపే అయిపోయింది.

నార్బ్ తల ఊపాడు, ఏదో లెక్క తేలినట్టు. ఆ ముడత మళ్ళీ నుదుటి మీదికి వచ్చింది.

“చేతులు చాపావు కదూ,” అన్నాడు మెల్లగా. “సరేలే. పద, ఇంటికెళ్దాం.”

ఎరను బల్ల మీద దవడ పక్కన జాగ్రత్తగా పెట్టాడు. నడిపించమని పక్కకు చెయ్యి చాచి చెల్లెలి చేతి కోసం తడుముకున్నాడు. అది ఇంకా గాల్లోనే ఉంది.